వర్గం లేని ప్రేక్షకుడు

గోగులపాడులో ఎవరింట్లో ఫ్యాను కాలినా, ఎవరి చేలో మోటారు కాలినా మట్టపర్తి బుల్లెబ్బాయి కొట్టుకే వస్తుంది. ఆయన కాయిలు చుడుతూ కిందటి శుక్రవారం చూసిన సినిమా చెబుతాడు. మోటారు ముందే బాగైనా కథ పూర్తయ్యేదాకా రైతు కదలడు. చేను ఎండుతున్నా కదలనివాళ్లు ఉన్నారు.

శుక్రవారం మ్యాట్నీ వేళకి కొట్టు షట్టరు దిగుతుంది. భార్య వరాలు చీర మార్చుకుని వచ్చి షట్టరు పక్కన నిలబడుతుంది. ఇద్దరూ కాలవగట్టు మీదుగా రాజ్యలక్ష్మి థియేటరుకి నడుస్తారు. హాల్లో మాట్లాడుకోరు. సినిమా వదిలాక గేటు దగ్గర మొదలైన వాదన ఇంటి గుమ్మం దాకా సాగుతుంది. కొన్నిసార్లు గుమ్మం దాటి వచ్చే శుక్రవారం దాకా సాగుతుంది. పెళ్లయిన కొత్తలో వాళ్లకి మాట్లాడుకోవడానికి మరో విషయం దొరకలేదు. తర్వాత దాని అవసరం రాలేదు.

ఈమధ్య వచ్చిన సినిమాల మీద బుల్లెబ్బాయికి కొన్ని అభిప్రాయాలున్నాయి. హీరో కారు దిగి గుమ్మం దాకా నడిచేసరికి ఒక పాట అయిపోతోందని, అందరూ మామూలుగా నడిస్తే జనం ఇంటర్వెల్‌కే ఇళ్లకి పోవచ్చని ఆయన అంటాడు. రెండు భాగాలుగా తీసిన సినిమాల్లో మొదటి భాగంలో కథ ఉండదు, రెండో దాంట్లో చెబుతారు కాబట్టి. రెండో దాంట్లోనూ ఉండదు, మొదటి దాంట్లో చెప్పేశామనుకుంటారు కాబట్టి. విలన్ ఉండే ఊరికి కరెంటు ఉండదు. ఆ మధ్య ఒక సినిమాలో ఎవరు ఎవర్ని నరుకుతున్నారో చీకట్లో తెలియక, ముందు వరసలో ఒక పెద్దమనిషి ఫోను లైటు వేసి తెర మీదికి పట్టాడని ఆయన చెప్పాడు. వరాలు ఇవేవీ ఒప్పుకోదు. "నరికారా లేదా అన్నది చూసుకోవాలి గానీ, ఎవర్నైతే నీకెందుకు?" అంటుంది.

ఇలా ఉండగా ఒకే వారంలో రెండు పెద్ద సినిమాలు పోయాయి. రెండింటికీ సక్సెస్ మీట్లు జరిగాయి. మొదటి నిర్మాత మైకు తీసుకుని, తాను మాస్ కోసం తీసిన సినిమాకి క్లాస్ ప్రేక్షకులు వచ్చి కూర్చున్నారని చెప్పాడు. రెండో నిర్మాత మర్నాడు అదే హోటల్లో, తన క్లాస్ సినిమాకి మాస్ ఎగబడ్డారని బాధపడ్డాడు. సినిమావాళ్లు ఇలాంటి మాటలు ఏళ్లుగా అంటున్నారు. ఈసారి ప్రభుత్వం విన్నది.

కమిటీ వేశారు. సభ్యులు హాళ్లలో తెరకి వీపు పెట్టి కూర్చుని జనాన్ని చూశారు. ఒకే వరసలో ఒకడు కళ్లు తుడుచుకుంటుంటే పక్కవాడు గుర్రు పెట్టడం గమనించారు. 'చలనచిత్రములు విఫలమగుటకు చిత్రములు కారణము కావు. అనర్హులు టికెట్టు కొనుటయే కారణము' అని నివేదిక ఇచ్చారు.

దాని వెనకే ఉత్తర్వులు వచ్చాయి. ప్రతి ప్రేక్షకుడూ తాను మాసో, క్లాసో, ఫ్యామిలీయో తహసీల్దారు ఆఫీసులో తేల్చించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ప్రతి సినిమాకీ ఆ మూడింట్లో ఒక ముద్ర పడుతుంది. ముద్రా సర్టిఫికెట్టూ కలిస్తేనే గేటు దాటనిస్తారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇచ్చే కిటికీ పక్కన అభిరుచి కిటికీ తెరిచారు.

ఆ శుక్రవారం బుల్లెబ్బాయినీ వరాలునీ గేటు దగ్గర ఆపింది థియేటర్ మేనేజరు తాతారావు. వాళ్లిద్దర్నీ చూడకుండా అతనికి ఏ శుక్రవారమూ గడవలేదు. అయినా చెయ్యి అడ్డం పెట్టాడు. "నన్నేం చెయ్యమంటావు బాబాయ్. నిన్న నా సర్టిఫికెట్ కూడా వచ్చింది. నేను ఫ్యామిలీనంట. ఈ సినిమా మాసు. సొంత హాల్లో నేనే తెర వైపు చూడకూడదు. లోపలికెళ్లి టార్చిలైటు నేలకేసి పట్టుకుని తిరుగుతున్నాను" అన్నాడు.

సోమవారం భార్యాభర్తలు తహసీల్దారు ఆఫీసుకి వెళ్లారు.

అభిరుచి విభాగానికి డిప్యూటీ తహసీల్దారుగా పసుమర్తి శంభుప్రసాద్‌ని వేశారు. ఆయన అప్పటిదాకా సర్వే శాఖలో పనిచేశాడు. సరిహద్దు రాయి లేని భూమి చూస్తే ఆయనకి అన్నం సయించదు. పాత రికార్డు గదిలో ఒక టీవీ పెట్టించి, దానికి ఎదురుగా దరఖాస్తుదారుడికి ఒక స్టూలు వేయించాడు. గుమస్తా నీలవేణి టీవీ పక్కన కూర్చుని, స్టూలు మీద మనిషి ఎక్కడ నవ్వాడో, ఎక్కడ ఏడ్చాడో, ఎక్కడ ఆవలించాడో రాస్తుంది.

వరాలు పరీక్ష ఎంతోసేపు పట్టలేదు. టీవీలో రౌడీ ఒకడు ముసలాయన్ని తన్నాడు. హీరో దూరంగా నిలబడి చూస్తున్నాడు. వరాలు స్టూలు మీంచి లేచి, "అలా గుడ్లప్పగించి చూస్తావేంట్రా, తియ్యి కత్తి" అంది. దృశ్యం పూర్తికాకుండానే శంభుప్రసాద్ మాస్ ముద్ర వేశాడు.

తర్వాత బుల్లెబ్బాయి కూర్చున్నాడు. హీరో ఒక రౌడీని విసిరితే వాడు టమాటా బండి మీద పడ్డాడు. బుల్లెబ్బాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎవరి నిమిత్తము విచారించుచున్నారు?" అని శంభుప్రసాద్ అడిగాడు.

"బండివాడి గురించండి. ఫైటయ్యాక ఆడేమయ్యాడో ఏ సినిమాలోనూ చెప్పరండి."

రెండో దృశ్యంలో హీరో తల్లి మంచం మీద ప్రాణం విడుస్తోంది. బుల్లెబ్బాయి నవ్వాడు. ఎందుకని అడిగితే, ఆవిడ పోయినట్టే పోయి మళ్లీ లేచి ఇంకో కొడుకు గురించి చెబుతోందనీ, డాక్టరు ఇప్పటికి రెండుసార్లు కళ్లజోడు తీసి పెట్టుకున్నాడనీ చెప్పాడు. మూడో దృశ్యంలో ఒక కుర్రాడు కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తున్నాడు. ఏమీ మాట్లాడడు. బుల్లెబ్బాయి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. పక్క కిటికీలో ఆదాయం సర్టిఫికెట్ల కోసం నిలబడ్డవాళ్లు తొంగిచూశారు.

"ఇది ఈల వేయదగిన సన్నివేశము కాదు" అన్నాడు శంభుప్రసాద్.

"కుర్రాడు అంతసేపు ఎవర్నీ కొట్టకుండా కూర్చున్నాడండి. ముచ్చటేసింది."

శంభుప్రసాద్ కలం మూత పెట్టాడు. "విచారమున్న చోట విచారము, హాస్యమున్న చోట హాస్యము అని ప్రభుత్వము వారు స్పష్టముగా పేర్కొనియున్నారు. తమ వద్ద స్పందనలు ఉన్నవి. ఉండవలసిన చోట లేవు. తమరిని ఏ గట్టు లోపల చూపమందురు?" అన్నాడు. బుల్లెబ్బాయి దరఖాస్తు మీద 'వర్గరహితుడు, క్షేత్రస్థాయి విచారణ జరుపవలెను' అని రాశాడు. వర్గరహితుడు విచారణ ముగిసేదాకా ఏ సినిమాకీ పోరాదు.

నీలవేణి ఇంటింటికీ వచ్చి విచారణ చేసింది. పక్కింటి ఆమె, బుల్లెబ్బాయి తన మనవడి అన్నప్రాసనకి ఏడ్చాడనీ, తమ మావగారి దినానికి వంటలు బావున్నాయని మళ్లీ వడ్డించుకున్నాడనీ వాంగ్మూలం ఇచ్చింది. టీకొట్టు యజమాని, ఆయన్ని ఏ సినిమా ఎలా ఉందని అడిగినా బావుందనీ అనడు, బాలేదనీ అనడు, కూర్చోబెట్టి చెబుతాడు, పాలు పొంగిపోతాయి అన్నాడు. ఈ సాక్ష్యాలతో అనుమానం బలపడింది.

ఈలోగా ఊరు కొత్త పద్ధతికి అలవాటుపడింది. క్లాస్ సర్టిఫికెట్ కావలసినవాళ్ల కోసం బస్టాండు వెనక కోచింగ్ సెంటర్ వెలిసింది. నవ్వొస్తే పెదవులు మాత్రమే కదపడం, సినిమా అర్థం కాకపోతే తల నిదానంగా ఊపడం, బయటికొచ్చాక 'స్క్రీన్‌ప్లే' అని ఊరుకోవడం అక్కడ నేర్పారు. మాస్ కావలసిన కట్టుడుపళ్లాయన ఒకడు ఈల పరీక్షలో పై వరస పళ్లు నీలవేణి ఒళ్లో వేశాడు. పెళ్లికాని కుర్రాళ్లు ఫ్యామిలీ దరఖాస్తుకి అక్క పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. పిల్లలు తల్లుల కోసం ఏడిస్తే అది సెంటిమెంటు కింద జమ అయింది. ఒకే ఇంట్లో తండ్రి క్లాసు, తల్లి ఫ్యామిలీ, కొడుకు మాసు అయ్యేసరికి వేర్వేరు సినిమాలు చూసొచ్చి, అన్నాల దగ్గర ఎవరి సినిమా గొప్పదో చెప్పుకుని, కంచాలు పట్టుకుని వేర్వేరు గదుల్లోకి పోయారు.

వరాలు ఒక్కతే సినిమాలకి వెళ్లడం మొదలుపెట్టింది. వెళ్లమని బుల్లెబ్బాయే అన్నాడు. ఆయన గేటు దాకా వచ్చి, సైకిల్ స్టాండులో కూర్చుని, ఆమెతో కలిసి తిరిగొచ్చేవాడు. ఆమె దారి పొడుగునా కథ చెప్పేది. ఆయన వినేవాడు. చూడనివాడు వాదించలేడు. ఆమె ఏది చెబితే అది ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. ఇది వరాలుకి నచ్చలేదు. ఒక రోజు కావాలని తప్పు చెప్పింది. విలన్ మారిపోయి హీరో చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడంది. బుల్లెబ్బాయి, "పోన్లే, బాగుపడ్డాడు" అన్నాడు. ఆ రోజు ఆమె కూర మాడ్చింది.

దసరాకి ఆ ఏటి పెద్ద సినిమా వచ్చింది. దాని ముద్ర దగ్గర చిక్కొచ్చింది. అందులో మొదటి సగం తలలు తెగుతాయి, రెండో సగం పెళ్లిళ్లు అవుతాయి. నిర్మాత రెండు ముద్రలూ కావాలన్నాడు. వర్గీకరణ కార్యాలయం చాలా ఆలోచించి న్యాయమే చేసింది. మొదటి సగం మాస్. రెండో సగం ఫ్యామిలీ. ఇంటర్వెల్లో ప్రేక్షకుల్ని మార్చవలెను అని ఉత్తర్వు ఇచ్చింది.

మొదటి రోజు మ్యాట్నీకి వరాలు మాస్ వాళ్లతో లోపలికెళ్లింది. బుల్లెబ్బాయి సైకిల్ స్టాండులో కూర్చున్నాడు. ఇంటర్వెల్ బెల్లు మోగింది. తాతారావు తలుపు దగ్గర బస్సు కండక్టరులా నిలబడి, మాస్ దిగండి, ఫ్యామిలీ ఎక్కండి అని అరిచాడు. దిగేవాళ్లు దిగలేదు. తెర మీద హీరో మెడ మీద కత్తి ఉండగా దీపాలు వెలిగాయి. శంభుప్రసాద్ స్వయంగా వచ్చి, 'తమ అభిరుచి ఇంతటితో ముగిసినది' అని మైకులో చెప్పాక కుర్చీలు ఖాళీ అయ్యాయి. పిల్లలతో, టిఫిన్ క్యారేజీలతో ఫ్యామిలీలు లోపలికి పోతూ, వీళ్లలో హీరో ఎవరు, ఎవరి పెళ్లికి ఏడవాలి అని అడిగి తెలుసుకున్నాయి.

మాస్ జనం ఇంటికి పోలేదు. రోడ్డు మీద కూర్చున్నారు. సినిమా వదిలాక ఫ్యామిలీలని చుట్టుముట్టి, విలన్ చచ్చాడా అని అడిగారు. ఏ విలన్ అని వాళ్లు అడిగారు. పెళ్లిలో మీసాలాయన ఒకడు మూలన నిలబడి అక్షింతలు వేశాడనీ, అతను పెళ్లికూతురి మేనమామ అనుకున్నామనీ ఒక పెద్దావిడ చెప్పింది.

ఆ సాయంత్రం భార్యాభర్తలు కాలవగట్టు మీద మాట లేకుండా నడిచారు. సగం దారిలో వరాలు ఆగింది.

"నాకేమో సగం తెలుసు. నీకు అదీ తెలీదు. ఇంటికెళ్లి ఏం మాట్లాడుకుంటాం?"

"ఫ్యాన్ల గురించి మాట్లాడుకుందాం."

"ఫ్యాన్ల గురించి మాట్లాడటానికి నిన్ను చేసుకున్నానా నేను?"

ఆ రాత్రి చెప్పుకోవడానికి కథ కూడా లేదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఇద్దరూ ఒకే వేళకి నిద్రపోవడం అదే మొదటిసారి.

సోమవారం వరాలు ఒంటరిగా అభిరుచి కిటికీ దగ్గరికెళ్లి సర్టిఫికెట్ వెనక్కిచ్చింది. తన అభిరుచి మారిందనీ, మళ్లీ పరీక్ష పెట్టాలనీ అడిగింది. అభిరుచి మారుటకు నియమావళిలో అవకాశము లేదని శంభుప్రసాద్ చెప్పాడు. అయితే మొదట కొలిచినప్పుడే తప్పు కొలిచారేమో చూసుకోండి అంది వరాలు. సర్వే చేసిన మనిషి ఆ మాట భరించలేడు. స్టూలు వేయించాడు.

రౌడీ ముసలాయన్ని తన్నాడు. వరాలు ఆవలించింది. హీరో తల్లి ప్రాణం విడుస్తుంటే, ఆ పందిరిమంచం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమని నీలవేణిని అడిగింది. కుర్రాడు వాన చూస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నారని అడిగితే, మేడ మీద బట్టలు తీశాడో లేదో అని చెప్పింది.

శంభుప్రసాద్ ముందుకి వంగాడు. "తమరు నటించుచున్నట్లు ఈ కార్యాలయము భావించుచున్నది."

"ఎలా ఉందండి నటన?"

"బావుందండి" అని నీలవేణి అనేసింది. తర్వాత తల దించుకుని రాసుకుంది.

నటన అని అనుమానం ఉంటే పూర్తి విచారణ జరగాలి. విచారణ జరిగినంతకాలం దరఖాస్తుదారు వర్గరహితే. వరాలు ఆ కాగితం కొంగున ముడేసుకుని కొట్టుకొచ్చింది. బుల్లెబ్బాయి చదివి, ఉన్నది కూడా పోగొట్టుకున్నావు కదే, ఇప్పుడు ఇద్దరం బయటే అన్నాడు. "ఇద్దరం కదా" అంది వరాలు.

శుక్రవారం షట్టరు దిగింది. ఇద్దరూ వెళ్లి సైకిల్ స్టాండులో కూర్చున్నారు. స్టాండు గోడే హాలు గోడ. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నం ఉంది. దాంట్లోంచి మాటలు సగం, శబ్దాలు పూర్తిగా వినపడతాయి. గ్లాసు పగిలింది. హీరోయిన్ పాలగ్లాసు జారవిడిచిందన్నాడు బుల్లెబ్బాయి. పాలగ్లాసు స్టీలుది, పగలదు, అది మందు గ్లాసు, విసిరింది విలన్ అంది వరాలు. విలన్ అయితే వెనకాల సంగీతం ఉండాలన్నాడాయన. ఎప్పుడూ సంగీతం వేసుకుని తిరగడానికి ఆడేమన్నా పెళ్లికొడుకా అందామె. ఇంటర్వెల్‌కి సినిమా ఇద్దరిదీ రెండు దార్లయింది. ఇంటికెళ్లేదాకా కొట్టుకున్నారు. మర్నాడు కొట్టుకొచ్చిన రైతు, రెండు కథలూ విని వరాలు పక్షం వహించాడు.

రెండో వారం ఇంకో నలుగురైదుగురు సైకిళ్లు తియ్యకుండా నిలబడ్డారు. వర్గం కుదరని వారాల్లో సినిమా దొరకనివాళ్లు మొదట వచ్చారు. తర్వాత టికెట్టు చేతిలో ఉన్నవాళ్లు కూడా వచ్చారు. మాసూ క్లాసూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. గోడ అవతల శబ్దం వచ్చినప్పుడల్లా బుల్లెబ్బాయి ఒకటి చెప్పేవాడు, వరాలు కాదనేది, జనం ఎటో ఒకటి తేల్చేవారు. ఒక శుక్రవారం ఇక్కడి నవ్వులకి లోపల సినిమా వినపడటం లేదని హాల్లోంచి ఇద్దరు బయటికొచ్చారు. వాళ్లూ వెనక్కి పోలేదు. ఖాళీ కుర్చీలకి సినిమా వేస్తున్నానని తాతారావు పైకి నివేదించాడు. నివేదించి, లోపలి బల్లలు స్టాండులోకి మోయించాడు.

మరుసటి వారం శంభుప్రసాద్ నీలవేణిని వెంటబెట్టుకుని వచ్చాడు. జనం లేచారు. బుల్లెబ్బాయి వరాలు చెయ్యి పట్టుకున్నాడు. ఈ స్టాండు కూడా పోతే ఇక కూర్చోవడానికి ఊళ్లో చోటు లేదు.

"ఇచట అనుమతి లేకుండా చలనచిత్రము వీక్షించుచున్నట్లు ఫిర్యాదు."

"ఎవరూ ఏం చూడట్లేదండి" అన్నాడు బుల్లెబ్బాయి. "అది గోడండి."

శంభుప్రసాద్ గోడ చూశాడు. తడిమి కూడా చూశాడు. ఉత్తర్వులు తిరగేశాడు. చూచుటకు అర్హత కావాలి. చూడకుండా ఆనందించుటకు ఏ నిబంధనా లేదు. "సంఘటన స్వరూపమును ప్రత్యక్షముగా పరిశీలించవలసియున్నది" అని బల్ల చివర కూర్చున్నాడు. నీలవేణి అలవాటు ప్రకారం గోడకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా కూర్చుంది.

గోడ అవతల ఒక ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చింది. తలుపు ధనాలున పడింది. మొగుడు పోతూ తలుపేశాడన్నాడు బుల్లెబ్బాయి. అత్త వచ్చి వేసిందంది వరాలు. జనం రెండుగా చీలారు.

"రెండూ కాదు" అన్నాడు శంభుప్రసాద్. అందరూ ఆయన వైపు తిరిగారు. "ముందు తలుపు పడింది, తర్వాత గడియ పడింది. గడియ శబ్దము దూరముగా వచ్చింది. బయటి నుంచి వేశారు. ఆమెను లోపల పెట్టి వేశారు."

"అలాగైతే వేసిందెవరండి?" అంది వరాలు.

శంభుప్రసాద్ ఆలోచించాడు. ఇంతలో గోడ అవతల ముసలిగొంతు ఒకటి ఆఖరి మాటలు మొదలుపెట్టింది. ఆగింది. డాక్టరు ఏదో అన్నాడు. ముసలిగొంతు మళ్లీ మొదలుపెట్టింది. శంభుప్రసాద్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి మొదలయ్యేసరికి రుమాలు ఆపలేకపోయింది. ఆయన భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కదిలింది.

నీలవేణి రాస్తోంది.

"ఏమి వ్రాయుచున్నావు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"తమరు నవ్వారండి. ఉండవలసిన చోట కాదండి."

ఆమె చేతిలో కాగితం ఆయన తీసుకుని చదివాడు. అందులో తప్పు లేదు. కలం తీసి, చాలాసేపు పట్టుకుని, కింద సంతకం పెట్టాడు. నీలవేణికి ఇచ్చి, కార్యాలయంలో దాఖలు చేయమన్నాడు.

సినిమా వదిలారు. జనం సైకిళ్లు తీసుకున్నారు. బుల్లెబ్బాయీ వరాలూ కాలవగట్టు ఎక్కారు. శంభుప్రసాద్ వాళ్ల పక్కన నడుస్తూ, తలుపు వేసింది అత్తగాని మొగుడుగాని అయ్యే వీలు లేదనీ, ఆ ఇంట్లో మనకి తెలియని మూడో మనిషి ఉన్నాడనీ చెబుతున్నాడు. మూడో మనిషైతే ముందే దగ్గేవాడంది వరాలు. దగ్గితే దొరికిపోడా అన్నాడు శంభుప్రసాద్. బుల్లెబ్బాయి ఇద్దరూ తప్పంటున్నాడు.

శంభుప్రసాద్ క్వార్టర్సు అటువైపు కాదు.